బుస్సుమనే ట్యాంకు

బండిలో పెట్రోలు వాసన వస్తోందని ఎవరైనా తెస్తే ఈ కాలపు మెకానిక్ పిల్లలు ముందు చేసే పని స్కానర్ తగిలించడం. స్టీరింగు కింద సాకెట్లో ప్లగ్గు గుచ్చుతారు, ఫోను తెర మీద వేలు జరుపుతారు, "కోడ్ ఏం లేదు కాకా, బండి మంచిగనే ఉంది" అని తేల్చేస్తారు. తలుపు తెరిస్తే తల తిరిగేంత వాసన. అయినా బండి మంచిగనే ఉందట! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఇరవై ఏళ్ళనాటి మన బండ్లలో ట్యాంకు ఒత్తిడి చూసే సెన్సారే లేదు. ఉన్న సెన్సార్లకేమో వాసన పట్టే పని లేదు. స్కానర్‌లో కనబడని జబ్బు బండికే లేదనుకుంటే ఎట్లా?

మా రోజుల్లో నాకు పని నేర్పిన ఉస్తాద్ బానెట్ ఎత్తేముందు బండి తెచ్చినాయనను కూర్చోబెట్టి చాయ్ తెప్పించేవాడు. మాట రాబట్టడానికి ఆ చాయ్. వాసన పొద్దున మొదటి సెల్ఫ్‌కే వస్తుందా, ఎండలో నడిపి ఆపినాక వస్తుందా? ట్యాంకు నిండా కొట్టించిన రోజే వస్తుందా, సగం ఉన్నప్పుడూ వస్తుందా? మలుపు తిప్పితే ఎక్కువవుతుందా? ముందు సీట్లో కూర్చున్నవాళ్ళకా, వెనకాల కూర్చున్నవాళ్ళకా? ఈ నాలుగైదు ప్రశ్నలకు సరైన జవాబు దొరికితే పానా పట్టకముందే సగం పని అయిపోయినట్టు. ఇప్పుడు బండి ఆయనను అడిగేవాడే లేడు. ఆయన కౌంటర్ దగ్గర చీటీ రాయించుకుని వెళ్ళిపోతాడు, ఆ చీటీలో "పెట్రోల్ స్మెల్" అని రెండు ముక్కలుంటాయి. రెండు ముక్కలతో రోగం ఎక్కడ దొరుకుతుంది?

నేనుండేది సూరత్‌లో, గోడాదరాలో. ఇటు లింబాయత్, అటు డిండోలి, పైన పర్వత్ పాటియా. ఈ చుట్టుపక్కల గల్లీల్లో తెలుగు వినబడని చోటు తక్కువ. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి మా పద్మశాలోళ్ళు సాంచెల, అంటే మరమగ్గాల, పని కోసం నవజీవన్ రైలెక్కి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. సద్దుల నాడు ఇక్కడి ఆడబిడ్డలు బతుకమ్మలు ఎత్తుకుని రోడ్డు మీదికి వస్తే సూరత్ అనిపించదు. మా నాయన సాంచె మీద నిలబడ్డాడు, నాకు ఆ చప్పుడు పడక గ్యారేజీలో చేరాను. అప్పట్లో మా షెడ్డుకు వచ్చేవి అంబాసిడర్లు, పద్మినీలు, మార్కెట్ సేఠ్‌ల జీపులు. ఇంజెక్టర్ అన్న మాటే ఎరగం. అన్నీ కార్బరేటర్ బండ్లే.

ఆ బండ్లలో వాసనకు దారులు తక్కువ. ఫ్లోట్ చిల్లుపడి మునిగినా, నీడిల్ అరిగినా కార్బరేటర్ పొంగి మానిఫోల్డ్ మీద కారుతుంది. పెట్రోల్ పంపులో డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు బయటికి రాకుండా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే ఉస్తాద్ ముందు ఆయిల్ కడ్డీ గుంజి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఆయిల్ మట్టం దానంతట అది పెరిగితే సంబరపడకూడదు, అందులో పెట్రోలు కలిసిందన్న మాట. వేసవిలో అంబాసిడర్ రోడ్డు మీద ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగేవాళ్ళం. లోపల పెట్రోలు ఆవిరై పైపులో అడ్డం పడితే పంపు గుంజలేదు. గుడ్డ చల్లబరిస్తే ఆవిరి మళ్ళీ పెట్రోలయ్యేది. పెట్రోలు వేడికి ఎంత తొందరగా ఆవిరవుతుందో, ఆ ఆవిరి ఏమేం చేస్తుందో మాకు చేతుల మీదుగా తెలిసింది అట్లాగే.

ఆ కాలపు ట్యాంకులకు ఒత్తిడి బాధ లేదు. మూతకే సన్న చిల్లు. ఎండకు ఆవిరి పుడితే ఆ చిల్లులోంచి గాలిలోకి పోయేది, పెట్రోలు ఖర్చవుతుంటే ఆ చిల్లులోంచే గాలి లోపలికి పోయేది. ఊరి గాలి పాడవుతుందన్న ఆలోచన ఎవరికీ లేదు. అమెరికాలో కాలిఫోర్నియా వాళ్ళు 1970 మోడల్ బండ్ల నుంచి ఆ ఆవిరిని బయటికి వదలొద్దన్నారు, మరుసటి ఏడు ఆ దేశమంతటా అదే రూలు. మన దగ్గరికి ఆ ఏర్పాటు ఎన్నో ఏళ్ళ తర్వాత, దాదాపు ఇంజెక్షన్ బండ్ల కాలంలోనే వచ్చింది. అది మంచి పనే, దాన్ని నేను తప్పుబట్టను. మూత బిగించి, ఆవిరిని ఒక పైపు గుండా నల్ల డబ్బాలోకి పంపుతారు. డబ్బా నిండా బొగ్గు గుళికలు. ట్యాంకులో పుట్టిన ఆవిరిని ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజన్ వేడెక్కి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని, డబ్బాలోంచి ఆవిరిని గుంజి ఇంజన్‌కే ఇస్తుంది. గాలిలో కలిసే పెట్రోలు అట్లా బండి నడవడానికి పనికొస్తుంది. కొన్ని బండ్లలో ఈ డబ్బా ఇంజన్ గదిలో ఒక మూలన, కొన్నింట్లో కింద ట్యాంకు పక్కన.

నా బాధ ఆ డబ్బా గురించి. అది ఎందుకుందో తెలియనివాళ్ళు దాన్ని పీకేస్తున్నారు.

మొన్నటి ఎండాకాలం ఎంబ్రాయిడరీ కార్ఖానా ఉన్న మనవాడొకాయన తన పాత పెట్రోల్ జిప్సీ తెచ్చాడు. 1985 చివర్లో వచ్చిన జిప్సీ మొదట 970 సీసీ కార్బరేటర్ బండి, ఇంజెక్షన్ వచ్చింది 2000 ప్రాంతంలో. ఈయనది ఆ తర్వాతిది. సిటీలో తిరిగితే ఏం లేదట. పిల్లల్ని ఎక్కించుకుని సపుతారా కొండకు పోతే మాత్రం ఘాట్ ఎక్కేటప్పుడు వెనక సీట్లో వాళ్ళకు వాంతులయ్యేంత పెట్రోలు వాసన. పైన చాయ్ దగ్గర ఆపి మూత తీస్తే బుస్సుమని ఆవిరి కొట్టింది, వెనకాలే పెట్రోలు చిమ్మి చొక్కా తడిసింది. అప్పటికే ఒక పెద్ద వర్క్‌షాపులో మూత మార్చారు, ఫిల్టర్ మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు. స్కానర్‌లో కోడ్ లేదన్నారు. డబ్బు పోయింది, వాసన పోలేదు.

"బయలుదేరేటప్పుడు ట్యాంకు ఎంత కొట్టించినవ్ తమ్మీ?" అని అడిగాను.

"నిండా, కాకా. నాజిల్ కట్టయినంక కూడా రౌండ్ ఫిగర్‌కు కొట్టిండు."

"గ్యాస్ కిట్టుందా?"

"ఉంది. సిటీల గ్యాస్ మీదనే నడుపుత. ఘాట్ మీద గుంజదని పెట్రోల్‌కు మారుస్త."

ఆ రెండు జవాబులు చాలు. ఆ వర్క్‌షాపులో ఎవరూ ఈ రెండు ముక్కలు అడగలేదు. బానెట్ ఎత్తి చూస్తే బొగ్గు డబ్బా ఉండాల్సిన చోట గ్యాస్ ఒత్తిడి తగ్గించే సీఎన్‌జీ రిడ్యూసర్ బిగించి ఉంది. కిట్టు వేసినవాడు జాగా కోసం డబ్బా పీకి పారేశాడు. ట్యాంకు నుంచి వచ్చే ఆవిరి పైపు కొసలో ఒక బోల్టు కుక్కి, క్లిప్పు వేసి మూసేశాడు. చూడటానికి శుభ్రమైన పని. ట్యాంకుకు మాత్రం ఊపిరాడదు. సిటీలో గ్యాస్ మీద నడిచినన్నాళ్ళు పెట్రోలు కదలదు, కాబట్టి తెలియలేదు. ఘాట్ మీద పెట్రోల్‌కు మార్చగానే పంపు పెట్రోలును ఇంజన్ దాకా తోస్తుంది, ఇంజన్ తాగినంత తాగి మిగిలినదంతా వేడెక్కి రిటర్న్ పైపు గుండా మళ్ళీ ట్యాంకులో పడుతుంది. పైన ఎండ, కింద సైలెన్సర్ సెగ. పైగా సపుతారా దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, అక్కడ బయటి గాలి ఒత్తిడే తక్కువ, పెట్రోలు ఇంకా తొందరగా ఆవిరవుతుంది. నిండా కొట్టించిన ట్యాంకులో ఆ ఆవిరికి జాగా ఏది? మెత్తని చోటు చూసుకుని తోసుకొస్తుంది. ఫిల్లర్ మెడ నుంచి ట్యాంకుకు పోయే లావు రబ్బరు పైపు కింది క్లిప్పు దగ్గర పగిలి ఉంది. చుట్టూ దుమ్ము గట్టిగా పేరుకుపోయి, ఆ ఒక్క చోట వేలెడు వెడల్పున కడిగినట్టు నల్లగా నిగనిగలాడుతోంది. వేలు పెడితే చల్లగా తగిలింది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడుతుంది. బండి నీడలో ఉన్నా, మిగతా పైపు గోరువెచ్చగా ఉన్నా అక్కడ మాత్రం చల్లన. దీన్ని ఏ స్కానర్ చూపిస్తుంది చెప్పండి?

మూత తీసేటప్పుడు వచ్చే చప్పుడును కూడా ఇప్పటివాళ్ళు వినరు. అర తిప్పు తిప్పి చెయ్యి ఆపాలి. చెవి పెట్టాలి. గాలి బయటికి కొడుతోందా, లోపలికి గుంజుతోందా? రెండూ బుస్సుమనే అంటాయి, రోగాలు వేరు. బయటికి కొడితే ఆవిరికి దారి మూసుకుపోయింది. పైపు నలిగిందో, డబ్బా తడిసి ముద్దయిందో, డబ్బాకు గాలి వచ్చే కొసలో మట్టి పురుగు గూడు కట్టిందో చూడాలి. లోపలికి గుంజితే ట్యాంకుకు గాలి అందడం లేదు. మూతలోని వాల్వ్ పట్టేసి ఉండొచ్చు, పర్జ్ వాల్వ్ మూసుకోకుండా ఎప్పుడూ గుంజుతూ ఉండొచ్చు. అట్లాంటి బండి హైవే మీద కొంత దూరం పోయి ముక్కుతుంది, మూత వదులు చేస్తే మళ్ళీ పరుగెత్తుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆపిన బండి కొంచెం ఉస్సుమంటే భయపడే పని లేదు, అది మామూలే. చొక్కా తడిసేంత చిమ్మితే మామూలు కాదు.

పర్జ్ వాల్వ్ చెడితే ఇంకో గుర్తు ఉంది. పెట్రోలు కొట్టించిన వెంటనే బండి స్టార్ట్ కాదు, సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టాలి, స్టార్టయినా తడబడుతుంది. ట్యాంకు నింపినప్పుడు తోసుకొచ్చిన ఆవిరంతా తెరిచి ఉన్న వాల్వ్ గుండా ఇంజన్‌లోకి పోయి పెట్రోలు ఎక్కువైపోతుంది. ఇంజన్ ఆపి వాల్వ్ విప్పి శుభ్రమైన పైపు ముక్కతో ఊదితే చాలు. చాలా బండ్లలో కరెంటు లేనప్పుడు అది మూసుకుని ఉండాలి. గాలి దూరిందా, వాల్వ్ పోయినట్టే. అయిదు నిమిషాల పని. దీనికోసం ప్లగ్గులు, కాయిల్, ఆఖరికి పెట్రోల్ పంపు దాకా మార్పించుకున్నవాళ్ళు ఉన్నారు.

బంకు పిల్లలకు ఒక చెడ్డ అలవాటు, నాజిల్ ఆగినా ఇంకా కొట్టడం. నాజిల్ టక్కుమని ఆగిందంటే నిండింది, ఇక చాలు అని అర్థం. ఆవిరికి వదిలిన జాగా ట్యాంకులో పైన ఉంటుంది. రౌండ్ ఫిగర్ కోసం ఇంకో లీటరు కుక్కితే ఆ జాగా నిండిపోయి, ఆవిరి పైపులోకి పెట్రోలే దిగుతుంది, బొగ్గు డబ్బా తడుస్తుంది. తడిసిన బొగ్గు ఆవిరిని పట్టదు. కొన్నాళ్ళకు గుళికలు పొడై పర్జ్ వాల్వ్ దాకా కొట్టుకొచ్చి దాన్నీ పట్టేస్తాయి. వందల రూపాయల చిల్లర కోసం వేల రూపాయల డబ్బా పోతుంది. అదీ పాత బండికి దొరికితే.

వాసన ఎక్కడి నుంచి వస్తుందో పట్టే తెలివి చాలావరకు ప్రశ్నల్లోనే ఉంది. బ్లోవర్ వేస్తేనే వాసన వస్తే అది ఇంజన్ గదిది. అద్దం కింది జాలి గుండా లోపలికి గుంజుకుంటోంది, ఇంజెక్టర్ ఓ-రింగ్ నుంచి మొదలుపెట్టి చూడాలి. ఆ రింగు చల్లగా ఉన్నప్పుడు గట్టిపడి కారుతుంది, వేడెక్కాక సాగి మూసుకుంటుంది. అందుకే పొద్దున మొదటి సెల్ఫ్‌కు వాసన, పది గంటలకు మాయం. నిండా ఉన్నప్పుడే వస్తే ట్యాంకు పై భాగంలో ఉన్నవన్నీ అనుమానించాలి: పంపు మూత కింది సీలు, ఫిల్లర్ పైపు, ఆవిరి పైపులు. కాన్వాస్ పైకప్పు జిప్సీలో వెనక పరదా ఎత్తి నడిపితే వచ్చే వాసన ట్యాంకుది కాకపోవచ్చు. బండి వెనక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగను లోపలికే తెస్తుంది. పరదా దించి నడిపి చూడమంటే సరి. మా సూరత్‌లో ఇంకో చిక్కు, గ్యాస్ వాసన. సీఎన్‌జీకి దానంతట దానికి వాసన లేదు, కుళ్ళు కంపు కొట్టే మందు కలుపుతారు. అది తేలిక, కప్పు వైపు పోతుంది. పెట్రోలు ఆవిరి గాలికి మూడింతలకు పైగా బరువు, నేల మీద పాకుతుంది, గుంతలో నిలుస్తుంది. అందుకే పెట్రోలు కంపు కొట్టే బండిని గుంత మీద పెట్టొద్దని, కింద బల్బు వెలిగించొద్దని ఉస్తాద్ కొట్టినంత పని చేసేవాడు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరి విడుస్తుంది. మన ఎండల్లో ఎంత విడుస్తుందో వేరే చెప్పాలా? ఇప్పుడు పిల్లలు అదే గుంతలో కూర్చుని ఫోను చార్జింగ్ పెట్టుకుంటున్నారు.

ఇంకో పని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. లీకు ఎక్కడో తెలియడం లేదని టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ పైపు తెచ్చి ట్యాంకుకు పెడతారు. టైరులో 30 పీఎస్‌ఐ ఉంటుంది, కంప్రెసర్‌లో 100 పైనే. పొగ మెషీన్‌తో ట్యాంకు పరీక్ష చేసేవాళ్ళు పంపేది అర పీఎస్‌ఐ! ఆవిరి పైపులు, సీళ్ళు తట్టుకునేది అంతే. కంప్రెసర్ గాలికి ట్యాంకు ఉబ్బిపోతుంది, మంచిగున్న సీలు కూడా చిరుగుతుంది. ఒక లీకు వెతకబోయి మూడు లీకులు పుట్టిస్తారు. పొగ మెషీన్ మంచి సామాను. ఉధ్నాలో తెలిసినవాళ్ళ దగ్గర ఉంది, అవసరమైతే తెప్పించుకుంటాను. ఈ జిప్సీకి కూడా అన్నీ బిగించాక తెప్పించి, మూత బిగించి, పొగ ఎక్కడా రావడం లేదని బండాయనకు చూపించి పంపాను. మెషీన్ మీద నాకు కోపం లేదు. ఎక్కడ చూడాలో ఆలోచించకుండా మెషీన్ ముందు చేతులు కట్టుకుని నిలబడటం మీదే నా కోపం.

ఇక పెట్రోలే మారిపోయింది. 2022 నాటికి దేశమంతటా పది శాతం ఇథనాల్ కలిసింది, 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలై ఇప్పుడు ఎక్కడ కొట్టించినా అదే. కొత్త బండ్ల పైపులు, సీళ్ళు దానికి తగ్గట్టు చేస్తున్నారు. ఇరవై ఏళ్ళ కిందటి రబ్బరు దానికి చేసింది కాదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది. ఇథనాల్ నీళ్ళను గుంజుకుంటుంది కూడా. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్ళు వదిలితే తాపీ నది పొంగి సూరత్ మునిగింది. అప్పుడు మా షెడ్డుకు వచ్చిన బండ్ల ట్యాంకుల్లో నీళ్ళు కింద, పెట్రోలు పైన తేటగా విడిపోయి ఉండేవి. కింది బిరడా తీసి నీళ్ళు వదిలితే పెట్రోలు మిగిలేది. ఇప్పుడు మీఠీ ఖాడీ వాగు పొంగి లింబాయత్, పర్వత్ పాటియా గల్లీల్లోకి నీళ్ళొస్తే ట్యాంకులో దూరిన నీళ్ళు ఇథనాల్‌ను పట్టుకుని అడుక్కు దిగుతాయి. పైన మిగిలింది కూడా ముందటి పెట్రోలు కాదు. మొత్తం తీసి పారబోయాల్సిందే. గ్యాస్ మీద నడుపుతూ ట్యాంకులో నెలల తరబడి అదే పెట్రోలు ఉంచేవాళ్ళు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. నెలకొకసారైనా పెట్రోలు మీద నడిపి, ట్యాంకులో ఉన్నది ఖర్చు చేసి, కొత్తది పోయించుకోవాలి.

పైపు కొనేటప్పుడు కూడా కళ్ళు తెరవాలి. ఇంజెక్షన్ లైనులో మూడు బార్ల దాకా ఒత్తిడి ఉంటుంది. పైపు మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూసి తీసుకోవాలి. మీటరు లెక్కన దొరికే తెల్లటి ప్లాస్టిక్ పైపు బిగించి, అందులోంచి పెట్రోలు కనబడుతోందని మురిసిపోయేవాళ్ళను చూశాను. అది కొద్ది నెలల్లోనే పసుపెక్కి, గట్టిపడి, క్లిప్పు దగ్గర చీలుతుంది. క్లిప్పు కూడా పళ్ళ క్లిప్పు వద్దు, అది రబ్బరును కోస్తుంది. చుట్టూ సమానంగా పట్టే నున్నటి క్లిప్పు కావాలి.

ఆ జిప్సీకి బొగ్గు డబ్బా తుక్కు బజారులో దొరికింది. బయటపెట్టి ఎండబెట్టి, ఊది చూసి, రిడ్యూసర్ కింద కొత్త పట్టీ కొట్టించి బిగించాను. బోల్టు పీకి ఆవిరి పైపు దానికి కలిపాను, పర్జ్ పైపు కొత్తది వేశాను. ఫిల్లర్ రబ్బరు పైపు దగ్గరే పని ఆగింది. జిప్సీని 2019లో జనానికి అమ్మడం ఆపేశారు, ఆ వంపు తిరిగిన లావు పైపు ఇక్కడ ఏ దుకాణంలోనూ లేదు. తిన్నటి పైపును వంచి తోస్తే మధ్యలో నలుగుతుంది, పెట్రోలు కొట్టేటప్పుడు వెనక్కి తన్నుతుంది. ఢిల్లీ కశ్మీరీ గేట్‌లో అడగమని ఒకరికి చెప్పి తెప్పించాను. అది వచ్చేదాకా బండి తీసుకెళ్ళనివ్వలేదు. ఆయన తొందరపడ్డాడు, కోప్పడ్డాడు కూడా. పగిలిన పైపుతో పిల్లలున్న బండిని నేను షెడ్డు గేటు దాటించనన్నాను. పైపు వచ్చాక బిగించి, నాజిల్ ఆగేదాకానే పెట్రోలు కొట్టించి, సోన్‌గఢ్ వైపు మధ్యాహ్నం ఎండలో నడిపి వచ్చాం. మూత అర తిప్పు తిప్పి ఆయన చెవే దగ్గర పెట్టించాను.

"కొంచెం ఉస్సన్నది కాకా, అంతే."

"అంతే ఉండాలె. ఇప్పుడు తీసుకపో."